నాయనమ్మ విన్న గ్రంథాలయం

పోయిన నెల చుట్టాలింట్లో గృహప్రవేశానికని బందరు వెళ్లి, బస్టాండు దగ్గర ఆటో ఎక్కి, పాత అలవాటు కొద్దీ గ్రంథాలయం వీధికి పోనివ్వమన్నాను. ఆటో అతను వెనక్కి తిరిగి, "ఆ పేరుతో వీధేం లేదండీ ఇక్కడ" అన్నాడు. దారి నేనే చెప్పాను. వీధి ఎక్కడికీ పోలేదు, పేరే పోయింది. ఒకప్పుడు గ్రంథాలయం నడిచిన పెంకుటింటి చోట మూడంతస్తుల మేడ లేచింది, కింద టైల్స్ అమ్మే షాపు. విందులో కూర్చున్నంతసేపూ నా మనసు ఆ పెంకుటింట్లోనే తిరిగింది. మన ఈడువాళ్లలో చాలామందికి అలాంటి ఇల్లొకటి ఎక్కడో ఉండే ఉంటుంది కనుక, ఈ నాలుగు మాటలూ మీతో చెప్పుకుంటున్నాను.

మా నాన్న బందరులో గుమాస్తా. ఆయన తల్లి, అంటే మా నాయనమ్మ, దివిసీమలోని సొంత ఊరు విడిచి మా దగ్గర నాలుగు రోజులు నిలిచిన మనిషి కాదు. తొంభైల మొదట్లో వచ్చిన తుఫానుకి ఆవిడ ఇల్లు కూలిపోయింది, గేదెలు కొట్టుకుపోయాయి, పక్కింట్లోనే ఉండే చెల్లెలు దక్కలేదు. నాన్న వెళ్లి తీసుకొచ్చారు. వచ్చింది గానీ మాట్లాడటం మానేసింది. పెడితే తినేది, లేకపోతే గోడకి చేరగిలబడి కూర్చునేది. అమ్మకి మధ్యాహ్నం పని తెమిలాక గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవల చదువుకోవడం అలవాటు. నాయనమ్మని ఒంటరిగా వదలడం ఇష్టంలేక ఆవిడ పక్కనే చాప వేసుకుని చదువుకునేది. ఒకనాడు ఏమనుకుందో పైకి చదవడం మొదలుపెట్టింది. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్ల కథ అది. పాలు పొంగుతున్నాయని మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, నాయనమ్మ గుమ్మం వైపే చూస్తూ, "ఆ పిల్ల దొరికిద్దంటావా అమ్మాయ్?" అని అడిగింది. అమ్మ ఆ పుస్తకం పూర్తయ్యేదాకా లేవలేదు. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు, అత్తాకోడళ్లిద్దరూ ఏడ్చిన కళ్లతో నవ్వుతున్నారు.

ఇక అది మొదలు ఏళ్ల తరబడి మా ఇంట్లో మధ్యాహ్నాలన్నీ అమ్మ గొంతుతోనే గడిచాయి. లైబ్రేరియన్‌ని మేం మావయ్యగారనే పిలిచేవాళ్లం; కొత్త పుస్తకం వస్తే ఆయన అమ్మ కోసం పక్కన పెట్టి ఉంచేవారు. చదవడం వచ్చిన మా అందరికంటే చదవడం రాని నాయనమ్మకే ఆ చోటంటే మమకారం ఎక్కువ. కథల్లో నచ్చని అత్తలనీ, చేతకాని మొగుళ్లనీ పేరుపెట్టి తిట్టేది, వాళ్లేదో మా వీధి చివర కాపురముంటున్నట్టు. ఒకసారి వెళ్లి చూసొద్దాం రమ్మంటే మాత్రం, అక్షరం రానిదాన్ని నాకక్కడేం పనని కొట్టిపారేసేది.

నాకు గుడివాడలో ఒక స్కూల్లో ఉద్యోగం దొరికి, పొద్దున్నే పాసింజర్లో వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తున్న రోజుల్లో ఆ కబురు తెలిసింది. గ్రంథాలయం అద్దె ఇంట్లో నడుస్తోంది. ఇంటివాళ్లు దాన్ని అమ్ముకుంటున్నారు. వేరే ఇల్లు చూడకుండా ఊరికి ఆ కొసనున్న పెద్ద లైబ్రరీలో కలిపేస్తారట. ఆ సంగతి మాట్లాడటానికి ఒక ఆదివారం ఆఫీసరు వస్తున్నారంటే వీధిలోవాళ్లంతా పోగయ్యారు. నాయనమ్మ ఉతికిన చీర కట్టుకుని, నేనూ వస్తానని రిక్షా పిలిపించుకుంది.

లోపలికి వెళ్లగానే ఆవిడ బీరువాల వెంట నడుస్తూ, పశువుల వీపు నిమిరినట్టు పుస్తకాలని నిమిరింది. తిరునాళ్ల పిల్ల ఎక్కడుందని మావయ్యగారిని అడిగి, ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని, ఇంత పల్చగా ఉందేమిటని ఆశ్చర్యపోయింది. తర్వాత ఆఫీసరు ముందుకెళ్లి నిలబడింది.

"బాబూ, నాకు అక్షరం ముక్క రాదు. మా కోడలు చదివితే విన్నా. తుఫానుకి అంతా పోయి రాయిలాగా పడున్నదాన్ని, ఈ కథలే నన్ను మళ్లీ మనుషుల్లో కలిపినయ్యి. తీసెయ్యమాకయ్యా."

ఆయన మంచివాడే. కుర్చీలోంచి లేచి, "తీసెయ్యడం కాదండీ, పెద్ద లైబ్రరీలో కలుపుతున్నామంతే. పుస్తకాలెక్కడికీ పోవమ్మా" అన్నారు.

"పుస్తకాలు పోవయ్యా. అంత దూరం మేం పోలేం గదా" అంది నాయనమ్మ.

అర్జీ పెట్టాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం, ఆ వానాకాలం దాకా ఆగింది. ఆ తర్వాత ఒక పొద్దున వ్యాను వచ్చింది. పురికొసతో కట్టలు కట్టిన పుస్తకాలు ఎక్కిస్తుంటే మావయ్యగారు వాటి వైపు చూడలేక రోడ్డు వైపు తిరిగి నిలబడ్డారు.

అమ్మ మోకాళ్ల నొప్పులతోనే పెద్ద లైబ్రరీకి కొన్నిసార్లు వెళ్లింది. మన కట్టలింకా విప్పలేదనీ, పాత కార్డు మీద వేరే పుస్తకం ఇవ్వడం కుదరదనీ అక్కడివాళ్లు చెప్పేవారు. ఉత్త చేతులతో వచ్చి, పాత కథలే గుర్తున్నంత మేరకి చెప్పింది. అవీ అయిపోయాయి. నాయనమ్మకి అప్పటికి చూపు మందగించింది, మంచం దిగడం లేదు. ఒక ఆదివారం నేను ఇంట్లో ఉండి చూశాను: అమ్మ నా పదో తరగతి సోషల్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పేజీలు తిప్పుతూ, ఉప్పుటేరు మీద పడవ నడిపే ఒక ఆడమనిషి కథ చదువుతోంది. అందులో అలాంటి కథ లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మ అప్పటికప్పుడు అల్లుతోంది.

నాయనమ్మ చాలాసేపు కళ్లు మూసుకుని విని, చెయ్యి చాచి అమ్మ మణికట్టు పట్టుకుంది.

"ఆ పుస్తకం కింద పెట్టి చెప్పవే అమ్మాయ్. చేతులు నొప్పులెట్టవూ?"

అమ్మ పుస్తకం పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, కథ కొనసాగించింది. ఆ వేసవి దాటకుండానే, పడవ ఇంకా ఒడ్డు చేరకముందే నాయనమ్మ వెళ్లిపోయింది. కర్మకాండలన్నీ అయ్యాక, ఆ పడవ మనిషి ఏమైందని నేను అడిగాను. "ఆవిడ కోసం చెప్పిందే. ఇంక నాకు తోచదు" అంది అమ్మ. ఆ తర్వాత అమ్మ బతికినన్నాళ్లూ కంటి ముందు కనబడిన ప్రతి కాగితమూ చదివింది గానీ, పెదవి మాత్రం కదిపేది కాదు.

ఈ రోజుల్లో మా ఇంట్లో పుస్తకాలకి కరువు లేదు. అందరం చదువుతాం, ఎవరి గదిలో వాళ్లం, ఎవరి పుస్తకం వాళ్లం. ఒకరు చదివి కళ్లు తుడుచుకుంటే పక్కవాళ్లకి ఎందుకో తెలియదు.