గుణదల మేడ మీద ఒక ప్రూఫు కాగితం

మా భాభీ ఖైరున్నీసాకు తెలుగు చదవడం రాదు. అయినా పాత తెలుగు పుస్తకాల మ్యూజియం చూడాలని పట్టుబట్టింది ఆవిడే.

ఆవిడ భర్త, అంటే మా అన్న మస్తాన్ భాయ్‌జాన్, విజయవాడలో ఒక ప్రెస్సులో పద్దెనిమిదేళ్లు కంపోజిటరుగా పనిచేశాడు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరసలుగా పేర్చి, పేజీలు కట్టే పని. మూడేళ్ల కిందట ఆయన పోయాక భాభీ మచిలీపట్నంలో నా దగ్గరే ఉంటోంది. నేను రిటైరైన తెలుగు టీచర్ని.

పోయిన నెల నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె విజయవాడ నుంచి ఫోన్ చేసింది. "టీచర్, గుణదలలో ఒకాయన మేడమీద చిన్న మ్యూజియం పెట్టారండీ. మీ అన్నయ్యగారు పనిచేసిన ప్రెస్సు మూసేశాక అక్కడి అక్షరాలన్నీ ఆయనే తెచ్చుకున్నారట. టికెట్ కూడా లేదు, ఎవరైనా వెళ్లొచ్చు."

ఫోన్ స్పీకరులో ఉంది, పక్కనే ఉన్న భాభీ విన్నది. "ఆయన పట్టుకున్న అక్షరాలు ఒక్కసారి చూపించు జమీలా," అంది. మా ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ; తెలుగు ఆవిడకు కొంత అర్థమవుతుంది గానీ మాట్లాడదు. ఆవిడ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నాకు వెళ్లాలని లేదు. ఆ ప్రెస్సువాళ్లు భాయ్‌జాన్‌ని తప్పు చేశావని అందరిముందూ తిట్టి పంపేశారు. ఒక పద్యాల పుస్తకానికి డబ్బిచ్చిన దాత పేరు ముందు 'కీర్తిమంతులు' అని ఉండాల్సిన చోట 'కీర్తిశేషులు' అని అచ్చయింది. బతికున్న మనిషిని చచ్చిపోయాడన్నట్టు. దాత మండిపడ్డాడు, ఓనరు తప్పంతా కంపోజిటర్ మీద పెట్టాడు. ఆ తర్వాత బెజవాడలో ఏ ప్రెస్సూ భాయ్‌జాన్‌ని తీసుకోలేదు. బందరు వచ్చేసి, బట్టల కొట్టులో మూటలు కడుతూ మిగతా జీవితం గడిపాడు.

అయినా భాభీ అడిగాక కాదనలేకపోయాను.

మంగళవారం ఉదయం ఆరూ పదికి మచిలీపట్నం బస్టాండులో విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి, ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టి ఇచ్చాడు. భాభీకి కిటికీ సీటు ఇచ్చాను. పామర్రు దాటేసరికి ఎండ వచ్చింది. నాట్లు పడి వారం కూడా కాలేదేమో, చేలల్లో ఆకుపచ్చకంటే నీళ్లే ఎక్కువ కనబడుతున్నాయి.

ఉయ్యూరులో ఎక్కిన ఒకావిడ ఒళ్లో కొవ్వొత్తుల పొట్లం పెట్టుకుని మా పక్కన కూర్చుంది. "మేరీమాత గుడికేనా అండీ మీరు కూడా?" అని అడిగింది.

"గుణదలకే గానీ, మ్యూజియానికండీ," అన్నాను.

"గుణదలలో మ్యూజియమా! ఏటా వస్తానండీ నేను, ఎప్పుడూ వినలేదే," అని ఆశ్చర్యపోయింది. కంకిపాడు దగ్గర తన డబ్బాలోంచి రెండు అరిసెలు తీసి మా చేతుల్లో పెట్టింది.

ఎనిమిదింటికి బెంజి సర్కిల్లో దిగాం. ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిని, టీ తాగాం. అక్కడినుంచి ఆటోకి నూట ఇరవై అడిగాడు, వందకి ఒప్పుకున్నాడు. సందు పేరు చెప్పినా రెండుసార్లు తప్పాం. చివరికి ఇస్త్రీబండి అతను, "పుస్తకాల సుబ్బారావుగారిల్లేగా? ఆ పచ్చ గేటు, మెట్లు పక్కనుంచి ఉంటాయి," అని చూపించాడు.

సుబ్బారావుగారు పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారట. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. మెట్లు ఎక్కలేక ఆగిపోతున్న భాభీ కోసం కుర్చీ తెచ్చి మధ్య మలుపులో వేశారు. "తొందరేం లేదమ్మా. ఇవాళ వచ్చింది మీరిద్దరే," అన్నారు.

పైన రెండు గదులు. మొదటి గదిలో తాటాకు గ్రంథాలు, పాత పంచాంగాలు, బొమ్మల పెద్దబాలశిక్షలు, చిల్లులు పడ్డ తోలుబొమ్మలు, వాయిస్తే పలకని ఒక హార్మోనియం. అన్నీ గాజు బీరువాల్లో, ఒక్కోదాని దగ్గర చేతిరాతతో చీటీ. కొన్ని తాటాకులు పురుగు తినేసి దువ్వెన పళ్లలా ఉన్నాయి. "ఇవి నాకు వచ్చేసరికే ఇలా ఉన్నాయి. నేను రెండేళ్ల ముందు అడిగుంటే బాగుండేది," అన్నారాయన. ఒక్కో బీరువా దగ్గరా ఆయన ఇంచుమించు ఇదే మాట అన్నారు.

రెండో గదిలో గోడ పొడుగునా చెక్క అరలు. అరకి ఒక అక్షరం. భాభీ చాలాసేపు వాటి ముందు నిలబడి, "ముట్టుకోవచ్చా?" అని నన్ను అడగమంది.

"అందుకే కదమ్మా పెట్టింది," అన్నారు సుబ్బారావుగారు.

ఆవిడ ఒక అక్షరం తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇదేమిటి?"

"'క' భాభీ," అని నా అరచేతి మీద వేలితో రాసి చూపించాను.

"తిరగబడినట్టుందేం?"

నేను తెలుగులో చెబితే సుబ్బారావుగారు నవ్వారు. "అచ్చులో సరిగ్గా పడాలంటే అక్షరం ఇలా తిరగేసే ఉండాలి. కంపోజిటర్లు తిరగేసే చదివేవాళ్లమ్మా. మనం మామూలుగా చదివినంత జోరుగా."

భాభీ వేళ్లు నల్లబడ్డాయి. కొంగుకు తుడుచుకోలేదు. వేళ్లవంకే చూస్తూ, "ఆయన ఇంటికొచ్చి సబ్బుతో ఎంత తోమినా ఈ నలుపు పోయేది కాదు," అంది. తర్వాత మామూలు గొంతుతోనే, "ఆ పుస్తకం ఉందేమో అడుగు," అంది.

అడగక తప్పలేదు. దాత సంగతి చెప్పగానే సుబ్బారావుగారి ముఖం మారింది. "ఆ పుస్తకమా! మీరు మస్తాన్ గారి తాలూకా?" అని లోపలికెళ్లి, గుడ్డలో చుట్టిన కాగితాల కట్ట తెచ్చారు. "అక్షరాలతోబాటు, అచ్చుకు ముందు తప్పులు దిద్దడానికి తీసిన ప్రూఫులు కూడా వచ్చాయండీ. తూకానికి వేయబోతుంటే అడ్డుపడి తెచ్చాను. ఇందులో ఒకటి చూసి, ఈ మనిషి ఎవరో, ఎక్కడున్నారో అని చాలా వాకబు చేశాను. మస్తాన్ అనే పేరు మాత్రమే తెలిసింది."

పసుపుపచ్చగా మారిన ఒక కాగితం బల్లమీద పరిచారు. అంకితం పేజీ. మొదటి వరసలో దాత తండ్రి పేరు, ముందు 'కీర్తిశేషులు'. రెండో వరసలో దాత పేరు, ముందు 'కీర్తిమంతులు'. భాయ్‌జాన్ సరిగ్గానే పేర్చాడు. రెండో వరసలో ఆ మాటను ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన 'కీర్తిశేషులు' అని రాశారు. దానికింద పెన్సిలుతో చిన్న అక్షరాలు. ఆ రాత నేనెరుగుదును. 'దాతగారు ఉన్నారు కదండీ. కీర్తిశేషులు అనరాదు. ఒకసారి చూడగలరు.' దానికింద మళ్లీ ఎర్రసిరా: 'దిద్దినట్టే చెయ్యి.' ఆ పక్కన ఓనరు పొట్టి సంతకం.

ఆ కాగితం మళ్లీ మొదటినుంచి చదివాను.

భాయ్‌జాన్ ఉద్యోగం పోయి వచ్చిన రోజు, "ప్రూఫులో ఉన్నదే చేశాను జమీలా, నేను అడిగాను కూడా," అన్నాడు. అప్పుడు నాకు తెలుగు పండిట్‌గా కొత్తగా ఉద్యోగం వచ్చింది. "అర్థం తెలియకుండా అక్షరాలు పేరిస్తే ఇలాగే అవుతుంది," అన్నాను. ఆయన చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు. చనిపోయేదాకా నా దగ్గర మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

"ఏముంది అందులో?" అని భాభీ అడిగింది. వరస వరసా ఉర్దూలో చెప్పాను.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అవును. ఆయన చెప్పింది ఇదేగా," అంది. అంతే. ఆవిడకు ఆ కాగితం అవసరమే లేదు.

సుబ్బారావుగారు ప్రూఫును గాజు బీరువాలో పెడతానన్నారు. చీటీ తీసి, "వారు ఇప్పుడు..." అని ఆగారు.

"లేరండీ," అన్నాను.

ఆయన 'కూర్చినవారు' అని రాసి, అలవాటుకొద్దీ 'కీ.శే.' అని మొదలుపెట్టి చటుక్కున పెన్ను ఎత్తేశారు. భాభీ గమనించి, ఏం రాశారని అడిగింది. చెప్పాను.

"రాయమను," అంది. "ఇప్పుడది తప్పు కాదు కదా."

సుబ్బారావుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, నేను చెబుతుంటే పేరు పూర్తిగా రాశారు. షేక్ మస్తాన్. భాయ్‌జాన్ అక్షరాలు పేర్చిన పుస్తకాలు ఎన్నో ఉన్నా, తన పని పక్కన ఆయన పేరు కనబడటం అదే మొదటిసారి.

మధ్యాహ్నం సుబ్బారావుగారి ఇంట్లోనే పెరుగన్నం తిన్నాం. మూడున్నరకి విజయవాడ స్టేషన్లో మచిలీపట్నం ప్యాసింజర్ దొరికింది. జనం తక్కువ. ఉప్పులూరు దాటాక ఇక ఉండలేక, ఆ రోజు భాయ్‌జాన్‌ని నేనన్న మాట భాభీకి చెప్పేశాను.

"ఆ మాట ఆయన నాకెప్పుడూ చెప్పలేదు," అంది ఆవిడ. "మా చెల్లెలు పండిట్ అని మూటలు కట్టే చోట కూడా అందరికీ చెప్పుకునేవాడు."

"నన్ను క్షమించు భాభీ."

"ఆయనకు చెప్పాల్సింది నాకు చెబుతున్నావు జమీలా. నేనేం చేసుకోను దాన్ని?" కోపంగా అనలేదు. గుడివాడలో టీ వస్తే నాకూ ఒకటి ఇప్పించింది.

ఆ మ్యూజియం చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే వెళ్లండి; రెండో గదిలో వెలుతురు అప్పుడే బాగుంటుంది. మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లను నెమ్మదిగా ఎక్కించాలి. రెండు గదులే అయినా సగంరోజు పడుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ప్రెస్సులో అక్షరాలు పేర్చి ఉంటే, వాళ్లుండగానే వెంటబెట్టుకుని వెళ్లండి. వాళ్లేం చెబితే అది కూర్చుని వినండి.