చింపని పేజీ

మా అక్క కోపం తెలియని మనిషి. ఆ లోటు తీర్చడానికే దేవుడు నన్ను పుట్టించాడని అమ్మ అంటుండేది. ఇద్దరం ఒకే చర్చి బడిలో పంతులమ్మలం. నాది లెక్కలు, అక్కది ఇంగ్లీషు. ఇరవై రెండేళ్ళుగా అయిదో తరగతికి క్రియల కాలాలు తనే చెబుతోంది.

తన పద్ధతి వేరు. సోమవారం పొద్దున ప్రతి బిడ్డా మూడు వాక్యాలు రాయాలి. నిన్న చేసిన తప్పు భూతకాలంలో, ఇవాళ దేవుడి ముందు ఒప్పుకోవడం వర్తమానంలో, రేపు ఎలా ఉంటాననేది భవిష్యత్తులో. అక్క పెన్సిల్‌తో క్రియ మాత్రమే దిద్దుతుంది. తప్పు గురించి పల్లెత్తు మాట అనదు. దిద్దాక ఆ పేజీని పిల్లలే చింపి చెత్తబుట్టలో వేయాలి.

"క్షమించేశాక దేవుడే గుర్తుపెట్టుకోడమ్మా, మనకెందుకు ఆ కాగితం?" అనేది.

అందుకే పిల్లలు నిజాలు రాసేవాళ్ళు. కాలాలూ ఒంటబట్టేవి.

పేజీలు పోయి బక్కచిక్కిన ఆ నోటుబుక్కులు బడిని నడిపే కరస్పాండెంటుకు నచ్చలేదు. ఈయన సంఘపెద్ద కూడా. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఈయన ఒక కన్ను తెరిచి, ఎవరు మూసుకోలేదో చూస్తాడు. "ఈ వారం చింపించకండి, నేను చూడాలి" అన్నాడు. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి కదా. అక్క సరేనంది.

"ఎందుకొప్పుకున్నావక్కా?" అన్నాను.

"చూసి ఇచ్చేస్తానన్నారు కదే. సారు చూస్తారని పిల్లలకు కూడా చెప్పాను."

"ఆ మనిషి సంగతి నీకు తెలీదా?"

"దేవుడి పని చేసే మనిషే కదే!"

గురువారం ప్రార్థన సమావేశంలో ఆయన ఒక పిల్లను వేదిక మీదికి పిలిచాడు. తొమ్మిదేళ్ళది, ఆసుపత్రిలో నేల తుడిచే ఆమె కూతురు. తన పేజీ తననే మైకులో చదవమన్నాడు. చదివింది. ఆదివారం ప్రభుబల్లలో అందరికీ పంచాలని చర్చి బీరువాలో ఉంచిన రొట్టె తను తీసిందట. ఆకలని ఏడుస్తున్న చెల్లికి పెట్టిందట. రెండో వాక్యం చదివి ఆగిపోయింది.

"మూడోది కూడా చదువు. ఇక దొంగతనం చెయ్యవని అందరూ వినాలి" అన్నాడాయన నవ్వుతూ.

ఛీ, ఏం నవ్వది! వెనక వరుసల్లో "రొట్టెదొంగ" అని గుసగుసలు మొదలయ్యాయి. ఆయన్ని తిట్టడం తేలికే. మరి నేనేం చేశాను? నోరున్నదాన్నని అందరూ అనే నేను, కుక్కిన పేనులా ఉండి, నా తరగతి వరుస సరిచేశాను. నా మీద నాకే రోత పుట్టింది.

అక్క వేదికెక్కి మైకు లాక్కుంది.

"ఆ పుస్తకం ఇచ్చింది నేను. మొదటి తప్పు నాది. ఈ బిడ్డ చెప్పుకున్నది నాతో, సారుతో కాదు" అంది.

కరస్పాండెంటు తడబడలేదు. "చూశారా పిల్లలూ, ఒప్పుకోవడమంటే ఇదీ! చప్పట్లు కొట్టండి" అన్నాడు. పిల్లలు కొట్టారు. థూ, ఏం మనిషయ్యా!

సాయంత్రం అక్క ఆ పిల్ల ఇంటికి బయలుదేరి నన్నూ లాక్కెళ్ళింది. ఒంటిగది ఇల్లు. తల్లి డ్యూటీలో ఉంది. పిల్ల తన చెల్లికి జడ వేస్తోంది, మమ్మల్ని చూసి కూడా చెయ్యి ఆపలేదు. అక్క నేలమీద కూర్చుంది.

"తప్పైపోయింది తల్లీ. రేపు బడికి వస్తావా?"

"వస్తాను టీచర్."

"సోమవారం మళ్ళీ రాద్దాం. ఈసారి ఎవరికీ చూపించను."

ఆ పిల్ల రిబ్బను ముడేసి తలెత్తింది. ముఖంలో కోపం లేదు. అక్కకే సర్దిచెబుతున్నట్టు మాట్లాడింది.

"సారు చూస్తారని మీరు చెప్పగానే అందరూ అబద్ధాలే రాశారు టీచర్. అమ్మ మాట వినలేదు, ప్రార్థన మర్చిపోయాను, అలాంటివి. నాకే తెలీలేదు. ఇప్పుడు తెలిసింది కదా, నేనూ వాళ్ళలాగే రాస్తాను."