బెంచీ మీద కూర్చుని చెప్పమన్న అక్క

మా హెడ్ సిస్టర్ మొన్న మంగళవారం పొద్దున చనిపోయింది. "కన్నుమూసింది", "దూరమైంది" అని రాస్తే ఆమె ఒప్పుకోదు. మదనపల్లెలో మేం పనిచేసే ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో అందరం ఆమెను అక్కా అనే పిలిచేవాళ్ళం.

ఆమె కుప్పం నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో ఒక సంగతి జరిగింది. తంబళ్లపల్లె వైపు నుంచి బండి గుద్దిన మనిషిని తెచ్చారు. కాసేపటికే ప్రాణం పోయింది. ఆ మాట చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. "డాక్టర్లు సూస్తాండారు, ఈడే ఉండండి" అంటూ గడిపారు మావాళ్ళు. అది మా వార్డులో ఆనవాయితీ. పోయినతని తమ్ముడేమో రక్తం అవసరమవుతుందని ఊళ్ళోవాళ్ళకు ఫోన్లు చేసి, పనులు మానిపించి జీపులో పిలిపించాడు. వాళ్ళొచ్చి చొక్కా చేతులు మడుచుకుని వరుసగా నిలబడ్డారు. అక్క వెళ్ళి, ఆ తమ్ముడి పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నమాట చెప్పింది. లోపలికొచ్చాక మాతో, "సచ్చిపోయిన మనిషికి రక్తమిచ్చేదానికి వచ్చినారు. ఇంతమందిని పిలిపించింది ఎవురు? మనమే," అంది.

మర్నాటి నుంచి మాకు పాఠం మొదలైంది. డ్యూటీ మారే వేళ అక్క తల మీద తువ్వాలు వేసుకుని బెంచీ మీద కూర్చునేది. ఆమె పోయినవాడి తల్లి అన్నట్టు, మేం కబురు చెప్పాల్సిన నర్సులం. "నా కొడుకు యాడుండాడు? యాల మాట్లాడవు?" అని మీదికొచ్చేది. మాకు నవ్వొచ్చేది, ఆమె మాత్రం నవ్వేది కాదు. నిలబడి చెబితే, "కూసో. పోలీసోళ్ళ మాదిరి నిలబడుకోని చెప్తావేంది?" అనేది. ఇంగ్లీషు మాటలు దొర్లినా, "దూరమయ్యాడు" అని చాటుగా అన్నా మళ్ళీ మొదటికి. చెప్పేసి లేవబోతే చెయ్యి పట్టుకునేది. "చెప్పినాక పారిపోవద్దు మే. ఆడికి అయిపోలే, ఆడనే మొదలు."

అందరికీ బీపీ చూసే మనిషి తనది చూసుకోలేదు. ఇల్లు పుంగనూరులో కాబట్టి పొద్దున బస్సు తప్పిపోతుందనే ఆరాటం తప్ప ఒంటి మీద ధ్యాసే లేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

మంగళవారం డ్యూటీకి బయలుదేరుతూ గడపలోనే పడిపోతే, అంబులెన్సులో మా దగ్గరికే తెచ్చారు. డాక్టరుగారు చేయగలిగిందంతా చేశారు. బయట వాళ్ళమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూడగానే, "సూస్తాండారా మ్మా?" అంది. అవునని తలూపితే ఎంత సులువో. డాక్టరుగారు వచ్చి చెప్పేదాకా నాకు గండం తప్పుతుంది. ఆమె పక్కన కూర్చున్నాను.

"అవ్వా, అక్క గుండె ఆగిపోయింది. మళ్ళీ కొట్టించాలని శానా సూసినాము, కాలేదు. అక్క చనిపోయింది."

అవ్వ ఏడవలేదు. నేను లేవలేదు. లోపలి నుంచి ఎవరో నన్ను పిలుస్తున్నారు. అవ్వ ఒళ్ళో పట్టుకున్న టిఫిన్ డబ్బాను నా వైపు జరిపింది. అంబులెన్సు ఎక్కేటప్పుడు కూడా దాన్ని కింద పెట్టలేదట.

"డ్యూటీకని కట్టినా. దీన్నేం జేసేది మ్మా?"

తీసుకున్నాను. అడుగున ఇంకా వెచ్చగా ఉంది.