నా బిడ్డ చీరకట్టు

నా బిడ్డ పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. నలభై ఏడేళ్లది. సూరత్ రింగ్ రోడ్డు మార్కెట్లో తను పనిచేసే దుకాణంలో, కొనేవాళ్ల ముందు చీర విప్పి పరుస్తుండగానే గుండె ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం నేను పొయ్యి మీద పప్పు పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మనుమరాలు ఎత్తింది. "అమ్మమ్మా, మమ్మీ గిర్ గయీ అంట" అంది. పడిపోతే లేస్తుంది కదా అనుకుని చెప్పులేసుకున్నాను. ఆస్పత్రి గేటు దగ్గర అల్లుడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. అంతే, తెలిసిపోయింది.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. రాయడం అలవాటు లేదు. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. నా బిడ్డ గురించి ఒక మాట బాకీ పడ్డాను, అందుకే రాస్తున్నాను.

సూరత్‌కు వచ్చిన మన సాలెవాళ్ల ఆడవాళ్లందరిలాగే అదీ చాలా ఏళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించింది, దారాలు కత్తిరించింది. నలభై నిండాక దుకాణంలో పని దొరికింది. హైదరాబాద్, వరంగల్ నుంచి సరుకుకు వచ్చే ఆడవాళ్లతో తెలుగులో మాట్లాడేందుకు సేటు ఒక మనిషి కోసం వెతుకుతున్నాడు. మొదటి రోజు పని నుంచి వచ్చి మంచం మీద కూలబడింది.

"అమ్మా, చీరలమ్ముతున్న గని నాకే కట్టుకునుడు వస్తలేదు. అద్దంల జూస్తే మూటలెక్క ఉన్న."

ఆ ఆదివారం తన జాకెట్లన్నీ బయట పడేసింది. మనలో ఒక అలవాటు ఉంది. పెళ్లినాడు కుట్టించిన జాకెట్టే కొలత జాకెట్. జన్మంతా దర్జీకి అదే తీసుకుపోతాం, "ఇదే కొలత, జర వదులు పెట్టు" అంటాం. చంకలో పట్టేసినా, భుజం జారినా అదే. నా బిడ్డ ఆ జాకెట్‌ను పట్టుకుని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"ఒళ్లేమో ఇరవై ఐదేండ్లు నడిచొచ్చింది. కొలత జాకెట్ ఇంకా లగ్గం పందిట్లనే ఉన్నది."

మర్నాడు దర్జీ దగ్గర నిలబడి టేపుతో కొత్తగా కొలతలు తీయించుకుంది. ఆ తర్వాత ఏటా తీయించుకునేది. భుజం కుట్టు ఎముక మీదనే కూర్చోవాలి. చెయ్యి మోచేతి దాకా. పొట్టి మనిషి కాబట్టి అంచు సన్నం. ముందున్న నాలుగు తెల్లవెంట్రుకలకు రంగు వెయ్యలేదు, నున్నగా దువ్వి వదిలేసింది. చెవులకు పెద్దవి పెడితే మెడలో పుస్తెలతాడు తప్ప ఇంకేదీ వేసేది కాదు.

గల్లీ ఆడవాళ్లు ఒకరొకరే రావడం మొదలుపెట్టారు. "అక్కా, నేను గులాబీ రంగు కడితే ముసల్దానికి ముస్తాబేందంటరు" అని ఒకామె గునిసింది.

"గులాబీ ఏం పాపం చేసింది? గా మెరుపులు తక్కువ జేస్కో. నలుగురు నీ మొఖం జూడాలె గని అద్దాలను జూస్తే ఏం ఫాయిదా?" అంది నా బిడ్డ.

నన్నూ వదల్లేదు. మగ్గాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ నా భుజం పట్టేసింది, చెయ్యి వెనక్కి పోదు. నాకు ముందు హుక్కులు పెట్టించి మెత్తటి జాకెట్లు కుట్టించింది. "అరవై దాటినదాన్ని, నన్నెవరు జూస్తరే?" అన్నాను. "నువ్వు జూసుకుంటవ్ గదమ్మా" అంది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. సూరత్‌లోనే, ఉధ్నాలో మావాళ్ల పెళ్లికి ముదురాకుపచ్చ చీర, ఆవాలరంగు జాకెట్ వేసుకుని వచ్చింది. జాకెట్‌కు చిన్న కాలర్ ఉంది. ఒకామె నన్ను చూసి, "నీ బిడ్డ టిప్‌టాప్‌గ ఉన్నదే" అంది. అందులో మెచ్చుకోలు ఉందో, దెప్పు ఉందో నాకు అర్థం కాలేదు. దెప్పే అనుకుని ముందే నోరు జారాను. "బిడ్డ లగ్గం జేసే ఈడొచ్చింది, దీనికింక షోకులు తగ్గలె" అన్నాను. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. నవ్వుతూనే కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకుంది. ఆ ఉక్కపోతలో, భోజనాలు అయ్యేదాకా అట్లాగే కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మెల్లగా అంది: "నా ఈడు నాకెరుకనే అమ్మా. దాన్ని జర మంచిగ కూసోబెడుతున్న, గంతే."

ఏడేళ్లు అది పొద్దున్నే తయారై నా ముందు నుంచే పనికి పోయింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగేది. నేను ఒక్కనాడూ "మంచిగున్నవ్" అనలేదు. తల్లి పొగిడితే దిష్టి తగులుతుందని నాకు నేను చెప్పుకునేదాన్ని. దిష్టికి కాదు, నలుగురి నోళ్లకు భయపడ్డానని ఇప్పుడు తెలుస్తోంది.

దాన్ని సాగనంపే రోజు పొద్దున స్నానం చేయించారు. దాని ఆడబిడ్డ, అల్లుడి చెల్లెలు, కళ్లు తుడుచుకుంటూనే ఒక చీర తెచ్చింది. ఎర్రది, నిండా జరీ, తళతళలాడుతోంది.

"అత్తమ్మా, మీరు కొననీకి పోయే హాలత్‌ల లేరని పుట్టింటి చీర మీ తరఫున నేనే తెచ్చిన."

మంచి మనసుతోనే తెచ్చింది, కాదనను. కానీ ఆ చీరను నా బిడ్డ చేత్తో కూడా తాకేది కాదు. బీరువాలో నుంచి బూడిదరంగు నూలుచీర తెమ్మని మనుమరాలికి చెప్పాను.

"కట్టి విడిచింది కడ్తరా? కొత్తది గావాలె."

"పుట్టిల్లంటే నేనే గద బిడ్డా. నేను ఇదే పెడుతున్న."

ఆమె తెచ్చిన చీరను మడత విప్పకుండా కాళ్ల దగ్గర ఉంచాను. ఇంక జాకెట్ దగ్గర ఆగింది. రాత్రి గడిచేసరికి చేతులు బిగుసుకుపోయాయి. ఆడబిడ్డ కత్తెర అడిగింది.

"రెక్కలు వంగుతలేవు. వెనుక కోసి తొడుగుదాం. అందరికి గట్లనే జేస్తరు."

"కొయ్యొద్దు."

"అయ్యో అత్తమ్మా, వీపు కిందికి పోయేది, కోసింది ఎవ్వరికి కనబడ్తది?"

"దానికెరుకైతది" అన్నాను.

వేడినీళ్లు తెప్పించాను. గుడ్డ ముంచి పిండి, భుజం నుంచి మణికట్టు దాకా తోమడం మొదలుపెట్టాను. పట్టేసిన నా భుజం నొప్పి ఆ పొద్దు తెలియలేదు. బయట మగవాళ్లు "ఇంకెంతసేపు?" అని రెండుసార్లు కేకేశారు. కాసేపటికి ఆడబిడ్డే కత్తెర పక్కన పెట్టి రెండో చెయ్యి పట్టుకుంది. మోచెయ్యి మెల్లగా వంగింది. చేతులు తొడిగి, పక్కకు పొర్లించి హుక్కులన్నీ పెట్టాము. అన్నీ పడ్డాయి. భుజం కుట్టు ఎముక మీదనే కూర్చుంది.

కుచ్చిళ్లు ముందే నా ఒళ్లో పెట్టుకుని, మనుమరాలు కింది అంచు లాగి పట్టుకుంటే, సరిచేసి నడుము దగ్గర దోపాను. కొంగు మడతలు పేర్చి భుజానికి పిన్ను పెట్టాను.

"లగ్గానికి పోతున్నట్టే ఉన్నదమ్మా" అని పక్కింటామె ఏడ్చింది.

"లగ్గానికి గాదు. పనికి పోతున్నట్టున్నది" అన్నాను.

అప్పుడు అన్నాను ఆ మాట. చెవిలో కాదు, అంతమంది ముందర, గట్టిగా అన్నాను. "మంచిగున్నవ్ బిడ్డా."

ఎత్తుకున్నారు. మా గల్లీ ఇరుకు. రెండు వైపులా మగ్గాల షెడ్లు, వాటి ముందు సరుకు బండ్లు. మోసేవాళ్లు ఒకసారి పక్కకు ఒరిగి, ఒకసారి పైకెత్తి దారి చేసుకుంటూ పోతున్నారు. నేను గడపలో నిలబడి ఆ కుచ్చిళ్లనే చూశాను. మలుపు తిరిగేదాకా ఒక్కటీ చెదరలేదు.