ముప్పై ఒకటో నంబరు

మా బ్యాండ్ మొదటి రికార్డు అమీర్‌పేటలో మూతపడిన ఒక కోచింగ్ సెంటర్ క్లాసురూములో చేశాం. హార్డ్‌కోర్ పంక్ అంటే నిమిషంలో అయిపోయే పాటలు. పాడటం కంటే అరవడమే ఎక్కువ. అరిచేది నేను. అప్పటికి పంజాగుట్టలో ఒక కంపెనీ నన్ను తీసేసి రెండు నెలలైంది. డ్రమ్మర్ సనత్‌నగర్‌లో లేత్ మెషిన్ మీద పని చేసేవాడు. తన పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదనే ఓనర్ల మీద ఒక పాట రాశాడు. గిటారిస్టుది భీమవరం. ఆ క్లాసులోనే మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెప్పాడు. తాళంచెవి ఇంకా అతని దగ్గరే ఉండిపోయింది.

చివరి పాటకు మాటలు లేవు, అతని పాత హాజరు పట్టీయే. ఆ ఒక్క పాటా అతనే అరిచాడు. ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు. ప్రతి నంబరుకూ ఒక డ్రమ్ దెబ్బ, తర్వాత కాస్త నిశ్శబ్దం. కోర్సు పూర్తిచేసి, రెజ్యూమెలో దొంగ ఎక్స్‌పీరియెన్స్ పెట్టుకుని, అయినా ఉద్యోగం దొరక్క కనిపించకుండా పోయినవాళ్ల పాట అది. ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియపెట్టి రికార్డు చేశాం.

సాయంత్రం శ్రీనగర్ కాలనీలో నా గదిలో విన్నాం. ముప్పై ఒకటి తర్వాతి నిశ్శబ్దంలో ఒక మగగొంతు మెల్లగా పలికింది: "ఉన్నాను సార్."

"గిది మన గొంతు కాదు," అన్నాడు డ్రమ్మర్. "జర మళ్ల పెట్టన్నా."

మళ్లీ అదే. గిటారిస్టు ఆ గొంతు గుర్తుపట్టాడు. ఆ నంబరు మనిషికి నలభై ఏళ్లు దగ్గర పడ్డాయట. ఉద్యోగం పోయి, మళ్లీ నేర్చుకుందామని వచ్చి వెనక కూర్చునేవాడు. ఒక్క క్లాసూ మానలేదు. సెంటర్ మూసేశాక ఏమయ్యాడో ఇతను కనుక్కోలేదు.

పాత ఫోన్‌లో నంబరు వెతికి, కలిపి, స్పీకర్ పెట్టాడు.

"ఏంటి సార్, ఇన్నాళ్లకి?"

అదే గొంతు. 

"ఇవాళ మీరు సెంటర్‌కి వచ్చారా అండీ?"

"రోజూ వస్తాను సార్. పొద్దున కొంచెంసేపు బైక్ టాక్సీ తోలి, తర్వాత అక్కడ మెట్ల మీద కూర్చుంటాను. ఇవాళ లోపల మీరు హాజరు పిలుస్తున్నారు. తలుపు దగ్గరకొచ్చి నిలబడ్డాను. నా నంబరు రాగానే నోట్లోంచి వచ్చేసింది."

డ్రమ్స్ మైకు తలుపు పక్కనే పెట్టామని అప్పుడు గుర్తొచ్చింది.

"ఇంట్లో తెలీదా?"

"ఉద్యోగం వచ్చిందనే చెప్పాను సార్, ఆదివారం కూడా డ్యూటీ అని. మా ఆవిడ రోజూ క్యారేజీ కట్టి ఇస్తుంది."

ఆ ముక్క తీసేస్తామన్నాం. వద్దన్నాడు. "పేరు లేదు కదా సార్. ఉండనివ్వండి."

రికార్డు బయటికొచ్చాక బంజారా హిల్స్‌లో ఒక చోట వాయించాం. ముప్పై ఒకటి రాగానే ముందు వరసల్లో జనం నవ్వుతూ, ఒక్క గొంతుతో "ఉన్నాను సార్" అని అరిచారు. గిటారిస్టుకు ముప్పై రెండు నోట రాలేదు. డ్రమ్ దెబ్బ ఒక్కటే పడింది. ఆ పాట మళ్లీ ఎక్కడా వాయించలేదు.

కానీ పట్టీలో మిగిలినవాళ్లకు అతను రోజుకొకరికి ఫోన్ చేస్తున్నాడు. మొన్న నా పక్కనే కూర్చుని ఒక నంబరు కలిపాడు. ఎవరో ఆవిడ ఎత్తింది.

"ఆయన ఆఫీసుకెళ్లారండీ," అంది హుషారుగా. "ఎవరు చేశారని చెప్పమంటారు?"

అతను నా వైపు చూశాడు.

"ఏం లేదండీ, ఊరికే," అని పెట్టేశాడు.