గట్టు మీది కొబ్బరిచెట్ల వేలం

తొంభైల చివర్లో మా ఊరికి బస్సు రావడం మానేసింది. కాలవగట్టు రోడ్డు మోకాలి లోతు గోతులు పడింది మరి. గోతుల్లో జనం కొబ్బరిడొక్కలు, అదే కాయ వలిచిన పీచు, నింపేవారు. అవి నీళ్లు పీల్చి ఉబ్బి, నాలుగు రోజులకే బురదలో తేలేవి. మా అమ్మాయి మూడు మైళ్లు నడిచి, అమలాపురం కాలేజీకి బస్సెక్కేది. వచ్చే ఏడు బస్సు ఊళ్లోకి రాకపోతే చదువు మానిపిస్తానని మా ఆయన తేల్చేశారు.

"పంచాయతీలో డబ్బుల్లేవండి," అనేవారు సర్పంచిగారు. ఎందుకు లేవో అందరికీ తెలుసు. మా వైపు రాయి దొరకదు, గ్రావెల్ గోదావరి దాటి రావాలి. దాని ఖర్చుకి ఆధారం రోడ్డు వారనున్న పంచాయతీ కొబ్బరిచెట్ల కాపు వేలం. ఆ వేలంలో మా మావగారి అన్నగారు ముందుగా ఒక తక్కువ ధర అంటారు. పెద్దాయన మాట మీద మాట వెయ్యకూడదని మిగతావాళ్లు నోరు కట్టుకుంటారు. ఏటా అదే తంతు. నాకు ఒళ్లు మండేది.

ఆ వేసవిలో ధరావత్తు సొమ్ము కట్టి నేనూ వేలానికి వెళ్లాను. పెదమావగారి ఎదుట ఏనాడూ కూర్చోని కోడలిని. ఆయన ధర చెప్పగానే లేచి, "పైన ఇంకో వెయ్యి రూపాయలండి," అన్నాను.

"నీకు చెట్లెందుకమ్మా?" అన్నారాయన.

"చెట్లు కాదండి, రోడ్డు కావాలండి."

ఆయన మొహం కందగడ్డ అయింది. తనూ పెంచారు. అంతలో వెనకనుంచి ఓ కొబ్బరి వ్యాపారి, "ఆయ్, నాదో వెయ్యండి," అన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు. నేనూ పాట పెంచుతూనే ఉన్నాను. చివరికి పంతం కొద్దీ పెదమావగారే దక్కించుకున్నారు, పాత ధరకు నాలుగింతలకి. నేను లోలోపల ఎగిరి గంతేశాను.

ఇంట్లో నెలరోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. గ్రావెల్ లారీలు దిగుతుంటే మాత్రం వీధిలో ఆడవాళ్లంతా నా పక్కనే నిలబడ్డారు.

కాలేజీ తెరిచిననాడు హారను మోగించుకుంటూ బస్సు వచ్చింది. అందరికంటే ముందు ఎక్కింది పెదమావగారే! కిటికీ పక్క సీటు మీద కండువా వేసి మా అమ్మాయిని పిలిచారు.

"రావే మనవరాలా, సీటు ఆపేను. వచ్చే ఏడు మీ అమ్మని పాటకి రావద్దని చెప్పు."

"ఒక్క గొయ్యి పడినా వస్తానండి," అన్నాను, కిందనుంచి గట్టిగా.