తట్టి వినే మామ

కాలు విరిగి నేను మార్కాపురం ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి. పలకల గనిలో పని. రాయిని వేలి కణుపుతో తట్టి, తల వాల్చి విని, లోపల పగులుందో లేదో చెప్పేవాడట. ఒకరోజు బండ జారి మీద పడింది. కటి ఎముక విరిగి, దాంతోపాటు మూత్రనాళం తెగింది. డాక్టరు పొట్టలోంచి పైపు వేసి, మూడు నెలలు ఆగాక అతుకుదామన్నాడు. ఆ గడువు తీరి ఆపరేషనుకు వచ్చాడు.

ఇక్కడా అదే అలవాటు. గోడను, మంచం కోడును, చివరికి తన పొత్తికడుపును కూడా తట్టి వినేవాడు.

"తెగిన కొనల మధ్య రెండు వేళ్లంత ఎడముంది అల్లుడా," అన్నాడొకసారి. మర్నాడు మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రేలో డాక్టరు చూపించిందీ అంతే ఎడం.

ఉండబట్టలేక అడిగాను. "మరి ఆ రోజు బండను తట్టలేదా మామా?"

"తట్టినా. పడతానని చెప్పింది. నేనే ఇనలేదు."

ఆపరేషను బాగానే అయింది. పైపులన్నీ తీసేసిన రోజు, అందరిలా మూత్రం పోసుకొచ్చి, పసివాడిలా నవ్వాడు. ఇంటికి పోతూ పోతూ నా కాలి సిమెంటు కట్టును తట్టి, చెవి ఆనించాడు. ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏంది మామా?"

"ఏంలే అల్లుడా. మెట్లు దిగేటప్పుడు పైలం," అని నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

ఎముక గట్టిగా అతికిందని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. బాగానే నడుస్తున్నాను. అయినా మెట్లు దిగే ముందు కాలిని ఒకసారి తట్టి వింటాను. ఈమధ్య, నేను తట్టకముందే అది పలుకుతోంది.